ల్యాప్‌టాప్‌లో ఫోన్ యాప్‌లు: ఏవి నడుస్తాయి, ఏవి నడవవు, ఎందుకు

మీ దగ్గర విండోస్ 11 ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, ఒక ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నాయి. మీరు చదువుకునే పాఠాల యాప్‌కు వెబ్‌సైట్ లేదు, దాన్ని పెద్ద తెర మీద చూడాలి. బ్యాంకు యాప్ కూడా ల్యాప్‌టాప్‌లోనే తెరవాలి. ఒక గేమ్ కీబోర్డుతో ఆడాలి. ఎమ్యులేటర్ (ల్యాప్‌టాప్ లోపల ఆండ్రాయిడ్ ఫోన్‌ను అనుకరించే ప్రోగ్రామ్) వేసుకుంటే ల్యాప్‌టాప్ వేడెక్కి నత్తనడక నడుస్తోంది, బ్యాంకు యాప్ అసలు తెరుచుకోవడమే లేదు. విండోస్‌లోనే ఉండే ఆండ్రాయిడ్ సదుపాయం ఎటు పోయింది, ఎమ్యులేటర్ గొడవ లేకుండా ఆండ్రాయిడ్‌నే నేరుగా ల్యాప్‌టాప్‌లో వేసుకోవచ్చా, ఐఫోన్ యాప్‌లు నడుస్తాయా అని కూడా అడిగారు.

యాప్‌ల టెస్టింగ్ పనిలో రోజూ ఇవే ఎమ్యులేటర్లతో గడిపేవాణ్ని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. ముందుగా ఒక మాట. మీరు చెప్పిన మూడు పనుల్లో ల్యాప్‌టాప్‌లో ఆండ్రాయిడ్ నిజంగా అవసరమైంది గేమ్ ఒక్కదానికే. మిగిలిన రెండింటికీ మీ చేతిలో ఉన్న ఫోనే సరైన యంత్రం, ల్యాప్‌టాప్ దానికి తెరగా, కీబోర్డుగా పనిచేస్తే చాలు. చాలామంది ఈ తేడా గమనించక, ఎమ్యులేటర్ మీద ఎమ్యులేటర్ మార్చుకుంటూ వారాలు పోగొట్టుకుంటారు.

ఎందుకు ఇలా అంటున్నానో అర్థం కావాలంటే లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి. ఫోన్లలో ఉండేది ఆర్మ్ తరహా ప్రాసెసర్. మామూలు ల్యాప్‌టాప్‌లలో ఇంటెల్ లేదా ఏఎండీ వాళ్ల ఎక్స్86 తరహా ప్రాసెసర్. ఈ రెండింటికీ అర్థమయ్యే ఆదేశాలు వేరు. ఆండ్రాయిడ్ యాప్‌లో జావా లేదా కోట్లిన్‌లో రాసిన భాగం డెక్స్ అనే మధ్యస్థ రూపంలో ఉంటుంది. దాన్ని ఏ ప్రాసెసర్ మీదైనా ఆండ్రాయిడ్ తనే అక్కడికక్కడ మార్చుకుని నడుపుతుంది కాబట్టి దానితో పేచీ లేదు. ఇబ్బందంతా సీ, సీ ప్లస్ ప్లస్‌లలో రాసిన నేటివ్ లైబ్రరీలతో. గేమ్‌లు, వీడియో ప్లేయర్లు, భద్రతా భాగాలు ఎక్కువగా ఇవే వాడతాయి. ఇవి ముందే ఒక ఫలానా ప్రాసెసర్ కోసం తయారై వస్తాయి.

దీన్ని మీరే కళ్లారా చూడొచ్చు. ముక్కలుగా కాకుండా ఒకే ఫైల్‌గా వచ్చిన ఏదైనా ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) తీసుకుని, దాని పేరు చివర జిప్ అని మార్చి తెరవండి. లోపల 'లిబ్' అనే ఫోల్డర్ ఉందేమో చూడండి. అది లేకపోతే ఆ యాప్‌కు నేటివ్ లైబ్రరీలు లేవు, ఎక్కడైనా హాయిగా నడుస్తుంది. ఉంటే దానిలో మళ్లీ చిన్న ఫోల్డర్లు కనిపిస్తాయి: 64-బిట్ ఆర్మ్‌కు ఒకటి, పాత 32-బిట్ ఆర్మ్‌కు ఒకటి, అదృష్టం బాగుంటే ఎక్స్86కు ఒకటి. ఆ మూడోది లేకపోతే మీ ల్యాప్‌టాప్‌లో ఆ యాప్ ఆర్మ్ ఆదేశాలను ఎక్స్86లోకి మార్చే అనువాదకం మీద నడవాలి. పక్కన దుబాసీ కూర్చుని ప్రతి మాటా మార్చి చెబుతుంటే సంభాషణ ఎంత నెమ్మదిస్తుందో ఇదీ అంతే. ఇంటెల్ వాళ్ల హూడిని, గూగుల్ సొంతంగా చేసుకున్న మరో అనువాదకం ఈ పనికి వాడుకలో ఉన్నాయి. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి గూగుల్ తన అధికారిక ఎమ్యులేటర్‌లోనే దీన్ని కలిపి ఇస్తోంది. అనువాదకం లేని చోట ఆ యాప్ ఇన్‌స్టాల్ కానే కాదు, 'నో మ్యాచింగ్ ఏబీఐస్' అనే ఎర్రర్ వస్తుంది. ఆ మాట కనిపిస్తే ఫైల్ పాడైందని మళ్లీ మళ్లీ డౌన్‌లోడ్ చేయకండి. ప్రాసెసర్ పొంతన కుదరలేదని దాని అర్థం.

ఇంకో చిక్కు కూడా ఇక్కడే ఉంది. 2021 ఆగస్టు నుంచి ప్లే స్టోర్‌లో కొత్త యాప్‌లన్నీ యాప్ బండిల్ రూపంలోనే పెట్టాలి. అంటే స్టోర్ మీ ఫోన్ ఏదో చూసి, దానికి కావలసిన ముక్కలు మాత్రమే పంపుతుంది: అసలు యాప్ ఒక ఏపీకే, ప్రాసెసర్‌కు సంబంధించిన లైబ్రరీలు ఇంకో ఏపీకే, తెర సైజుకు, భాషకు వేరే ముక్కలు. అందుకే మీ ఫోన్‌లోని యాప్‌ను ఏదో టూల్‌తో ఏపీకేగా తీసి ఎమ్యులేటర్‌లో వేస్తే తెరుచుకున్న వెంటనే మూసుకుపోతుంది. మీరు తీసింది మొదటి ముక్క ఒక్కటే. అన్నీ తీసినా అవి ఆర్మ్ ఫోన్ కోసం వచ్చిన ముక్కలు. ఎమ్యులేటర్‌లోనే ప్లే స్టోర్ ఉంటే అక్కడి నుంచి నేరుగా దించుకోవడం మేలు, సరైన ముక్కలు అదే ఎంచుకుంటుంది.

ఇక వేగం సంగతి. మీ ఎమ్యులేటర్ నత్తనడకకు కారణం తొంభై పాళ్లు వర్చువలైజేషనే అయి ఉంటుందని నా అనుమానం. ప్రాసెసర్‌లో ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎమ్ అనే సదుపాయం ఉంటుంది. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఇంకోదాన్ని దాదాపు అసలు వేగంతో నడపడానికి అది కావాలి. అది ఆగిపోయి ఉంటే ప్రతి ఆదేశాన్నీ సాఫ్ట్‌వేరే నటించి చూపించాలి, అప్పుడు ఎంత మంచి ల్యాప్‌టాప్ అయినా చతికిలబడుతుంది. టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ మీద నొక్కండి. కుడివైపు కింద వర్చువలైజేషన్ అని ఉండి, పక్కన ఎనేబుల్డ్ అనో డిజేబుల్డ్ అనో కనిపిస్తుంది. డిజేబుల్డ్ అని ఉంటే ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేసి, విండోస్ మొదలయ్యే ముందే బయోస్‌లోకి (యంత్రం సొంత సెట్టింగ్‌ల తెరలోకి) వెళ్లి ఆన్ చేయాలి. కొన్నిటిలో ఎఫ్2, కొన్నిటిలో డిలీట్ లేదా ఎఫ్10 నొక్కాలి. ఆ సెట్టింగ్ ఎక్కువగా అడ్వాన్స్‌డ్ అనే పేజీలో గానీ సీపీయూ కాన్ఫిగరేషన్ అనే పేజీలో గానీ ఉంటుంది. డిస్క్‌కు బిట్‌లాకర్ అనే విండోస్ తాళం ఉంటే బయోస్ ముట్టుకునే ముందు దాని రికవరీ కీ ఎక్కడుందో చూసి పెట్టుకోండి. బయోస్ మార్పు తర్వాత అది అడిగే అవకాశం ఉంది, అప్పుడు వెతుక్కుంటే టెన్షన్.

ఎనేబుల్డ్ అనే ఉంది, అయినా నెమ్మదే అంటే రెండో అనుమానితుడు హైపర్-వీ, అంటే విండోస్‌లోనే ఉండే మైక్రోసాఫ్ట్ వర్చువలైజేషన్ వ్యవస్థ. విండోస్ 11లో మెమరీ ఇంటిగ్రిటీ అనే భద్రతా సదుపాయం ఉంది. అది ఆన్‌లో ఉంటే మీ విండోసే ఒక హైపర్‌వైజర్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లను తన మీద నడిపించే పొర) మీద నడుస్తుంటుంది. అప్పుడు పాత పద్ధతిలో వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ ఆధారంగా చేసిన ఎమ్యులేటర్లకు ప్రాసెసర్ నేరుగా అందదు. కొన్ని ఎమ్యులేటర్లు దీన్ని ఆపేయమని సలహా ఇస్తాయి. నేనైతే ఆపొద్దంటాను. ఒక గేమ్ కోసం విండోస్ కెర్నల్‌కు, అంటే దాని గుండెకాయ లాంటి భాగానికి, ఉన్న రక్షణను తీసేయడం మంచి బేరం కాదు. దానికి బదులు హైపర్-వీతో కలిసి పనిచేసే ఎమ్యులేటర్ ఎంచుకోండి. విండోస్ ఫీచర్స్ అనే పాత పెట్టెలో 'విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్' అనే వరుసకు టిక్ పెట్టి రీస్టార్ట్ చేస్తే గూగుల్ అధికారిక ఎమ్యులేటర్ దాన్నే వాడుకుంటుంది. ఇంటెల్ హ్యాక్సెమ్ అనే డ్రైవర్ వేసుకోమని చెప్పే పాత వీడియోలు ఇంకా తిరుగుతున్నాయి. ఇంటెల్ దాన్ని 2023లోనే వదిలేసింది, ఇప్పుడు దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

మూడోది ర్యామ్. 8 జీబీలో విండోస్, బ్రౌజర్ కలిసి సగం తినేస్తాయి. ఎమ్యులేటర్‌కు ఎక్కువ ఇస్తే వేగం పెరుగుతుందని 6 జీబీ ఇస్తుంటారు. అప్పుడు విండోస్‌కు చోటు చాలక డిస్క్ మీదికి సర్దడం మొదలుపెడుతుంది, రెండూ కలిసి మునుగుతాయి. 3 జీబీ, మహా అయితే 4 జీబీ ఇవ్వండి. ప్రాసెసర్ కోర్లు రెండు. తెర 1280 బై 720. ఎస్ఎస్‌డీ కాకుండా పాత హార్డ్ డిస్క్ అయితే మాత్రం ఏ సెట్టింగూ పెద్దగా సాయపడదు. గ్రాఫిక్స్‌లో సాఫ్ట్‌వేర్ అనేది ఎంపికై ఉంటే హార్డ్‌వేర్‌కు మార్చండి. ఫోన్ యాప్ అడిగే బొమ్మలు గీసే పనిని (ఓపెన్‌జీఎల్ ఈఎస్ అంటారు) మీ గ్రాఫిక్స్ చిప్ చేయాల్సింది పోయి ప్రాసెసరే చేస్తుంటే ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరెత్తుతుంది. మీరు చెప్పిన వేడికి అది కూడా కారణం కావచ్చు.

విండోస్‌లోని ఆండ్రాయిడ్ ఎటు పోయిందని అడిగారు. విండోస్ సబ్‌సిస్టమ్ ఫర్ ఆండ్రాయిడ్ అని మైక్రోసాఫ్ట్ 2021లో విండోస్ 11తో పాటు ప్రకటించింది. అమెజాన్ యాప్‌స్టోర్ ద్వారా యాప్‌లు వచ్చేవి. నా దృష్టిలో అది చక్కటి పనితనం: యాప్ కిటికీలు మామూలు విండోస్ కిటికీల్లాగే సర్దుకునేవి, నోటిఫికేషన్లు విండోస్ నోటిఫికేషన్లతోనే కలిసి వచ్చేవి. కానీ గూగుల్ ప్లే లేకపోవడంతో జనానికి కావలసిన యాప్‌లు అందులో దొరకలేదు. గూగుల్ సేవల మీద ఆధారపడే యాప్‌లు ఎలాగో వేసినా సరిగా నడిచేవి కావు. 2024 మార్చిలో ఆపేస్తున్నామని చెప్పి, 2025 మార్చి 5న మద్దతు ముగించారు. ఇప్పుడు ఎవరెవరో ప్యాక్ చేసి పెట్టిన కాపీలు దొరుకుతాయి. భద్రతా అప్‌డేట్లు రాని ఆండ్రాయిడ్‌ను, అదీ ఎవరో మార్చినదాన్ని, మీ గూగుల్ ఖాతాతో వాడొద్దు.

బ్యాంకు యాప్ ఎమ్యులేటర్‌లో ఎందుకు తెరుచుకోలేదో చెబుతాను. అక్కడ జరిగింది లోపం కాదు. ఆ యాప్ తన పని తాను చేసింది. ప్లే ఇంటిగ్రిటీ అని గూగుల్ ఇచ్చే ఒక సేవ ఉంది. అంతకు ముందున్న సేఫ్టీనెట్ స్థానంలో వచ్చింది. యాప్ తెరిచినప్పుడు ఇది నిజమైన, సిస్టమ్‌ను మార్చడానికి వీలుగా తాళం తీయని, గూగుల్ ధ్రువీకరించిన ఫోనేనా అని అడుగుతుంది. నిజమైన ఫోన్‌లో తయారీలోనే చిప్‌లో పెట్టిన రహస్య కీ ఉంటుంది, దాంతో సంతకం చేసి జవాబిస్తుంది. ఎమ్యులేటర్‌లో ఆ చిప్ లేదు, ఆ కీ లేదు. దాన్ని దాటించే మాడ్యూళ్లు ఉన్నాయని చెప్పేవాళ్లు ఉంటారు. అవి ఈ వారం పనిచేస్తే పై వారం పనిచేయవు. అంతకంటే ముఖ్యం, ఆ మాడ్యూల్‌ను సిస్టమ్ లోలోపలికి రానిచ్చి, దాని పక్కనే మీ బ్యాంకు పాస్‌వర్డ్ కొడుతున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పైగా కొన్ని బ్యాంకు యాప్‌లు ఫోన్‌లోని సిమ్ నుంచే మెసేజ్ పంపి నంబర్ సరిచూసుకుంటాయి. ఎమ్యులేటర్‌కు సిమ్ ఉండదు. ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పని చేసుకోవాలంటే బ్యాంకు వెబ్‌సైట్ ఉంది, అది చాలు.

ఇలాంటి కథే సినిమాల యాప్‌లదీ. వైడ్‌వైన్ అనే కాపీ రక్షణలో ఎల్1, ఎల్3 అనే స్థాయిలుంటాయి. ఎల్1కి ఫోన్ చిప్‌లో సురక్షితమైన భాగం కావాలి. ఎమ్యులేటర్‌కు దక్కేది ఎల్3, కాబట్టి బొమ్మ మసకగానే వస్తుంది. వాటిని బ్రౌజర్‌లో చూసుకోండి. వాట్సాప్ లాంటివాటికీ ఎమ్యులేటర్ వద్దు. ప్రధాన ఫోన్‌కు తోడు నాలుగు పరికరాల దాకా కలుపుకోనిస్తుంది, విండోస్‌కు సొంత యాప్ ఉంది.

ఇప్పుడు మీ పాఠాల యాప్. దీనికి నేను ముందుగా చెప్పేది ఫోన్ తెరను ల్యాప్‌టాప్‌లో చూపించడం. దీనికి ఉచితంగా, ఓపెన్ సోర్స్‌గా దొరికే మంచి ప్రోగ్రామ్ ఒకటుంది. ఎస్, సీ, ఆర్, సీ, పీ, వై అనే ఆరు అక్షరాలతో రాస్తారు, స్క్రీన్ కాపీ అని పలుకుతారు. జెనీమొబైల్ అనే సంస్థ నుంచి 2018లో వచ్చింది. ఫోన్‌లో ఏ యాప్ వేయనక్కర్లేదు, రూట్ (సిస్టమ్ మీద పూర్తి అధికారం) అక్కర్లేదు, ప్రకటనలు లేవు, ఖాతా తెరవమని అడగదు. దించుకునేటప్పుడు గిట్‌హబ్‌లోని దాని అసలు పేజీ నుంచే దించుకోండి, అదే పేరుతో నకిలీ సైట్లు ఉన్నాయి.

వాడే పద్ధతి: ఫోన్ సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కు వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తట్టండి, డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయండి. కొన్ని కంపెనీల ఫోన్లలో దాని కిందే సెక్యూరిటీ సెట్టింగ్స్ అని ఇంకో యూఎస్‌బీ డీబగ్గింగ్ వరుస ఉంటుంది. అది కూడా ఆన్ చేయకపోతే బొమ్మ కనిపిస్తుంది కానీ మౌస్ నొక్కితే కదలదు. కేబుల్ పెట్టగానే ఈ కంప్యూటర్‌ను నమ్మాలా అని ఫోన్ అడుగుతుంది, సరే అనండి. ఆ కేబుల్ డేటా వెళ్లే కేబులై ఉండాలి, ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చేవి కొన్ని ఉంటాయి. ఆ తర్వాత ప్రోగ్రామ్ మీద రెండుసార్లు నొక్కితే ఫోన్ తెర కిటికీలో వచ్చేస్తుంది.

ఆల్ట్ పట్టుకుని ఎఫ్ నొక్కితే తెర నిండుతుంది. ఆల్ట్ పట్టుకుని ఓ నొక్కితే ఫోన్ తెర ఆరిపోతుంది, ల్యాప్‌టాప్‌లో మాత్రం నడుస్తూనే ఉంటుంది. గంటల తరబడి పాఠాలు వినేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది, ఫోన్ వేడెక్కదు, బ్యాటరీ మిగులుతుంది. కుడి క్లిక్ వెనక్కి వెళ్లడానికి, మధ్య చక్రం నొక్కితే హోమ్. ల్యాప్‌టాప్‌లో కాపీ చేసింది ఫోన్‌లో పేస్ట్ అవుతుంది, ఫోన్‌లోది ఇక్కడా అవుతుంది. ఫైల్‌ను ఆ కిటికీ మీదికి లాగి వదిలితే ఫోన్‌లోని డౌన్‌లోడ్స్‌లోకి చేరుతుంది. ఆండ్రాయిడ్ 11, ఆపై ఫోన్లలో శబ్దం కూడా ల్యాప్‌టాప్ స్పీకర్లలోనే వస్తుంది. 2024 చివర్లో వచ్చిన 3.0 నుంచి ఇంకో మంచి సదుపాయం ఉంది: ఫోన్ తెరతో సంబంధం లేకుండా, ల్యాప్‌టాప్‌కు సరిపడే కొలతల్లో కొత్త తెర ఒకటి పుట్టించి ఒక యాప్‌ను దానిలో తెరవొచ్చు. అప్పుడు నిలువు పట్టీలా కాకుండా ట్యాబ్లెట్‌లో చూసినట్టు ఉంటుంది. అన్ని యాప్‌లూ దీనికి ఒప్పుకోవు, అయినా ప్రయత్నించి చూడండి. ఇంతా చేసి ల్యాప్‌టాప్ మీద పడే భారం ఒక వీడియో చూసినంత. మీ 8 జీబీకి ఇది లెక్కలోకి రాదు.

ఒక అడ్డంకి ఉంది, ముందే చెప్పాలి. పాఠాలు అమ్మే యాప్‌లు చాలావరకు స్క్రీన్ రికార్డింగ్ కుదరకుండా కట్టడి పెట్టుకుంటాయి. ఆ యాప్ తన కిటికీ రక్షితమైనదని ఆండ్రాయిడ్‌కు చెబితే, స్క్రీన్ షాట్‌లోనూ ఇలాంటి ప్రోగ్రామ్‌లలోనూ నల్లటి బొమ్మే వస్తుంది, మెనూలు కనిపించి వీడియో చోట మాత్రం నలుపు రావచ్చు. అలాంటప్పుడు ప్రోగ్రామ్‌ను తప్పుపట్టకండి, అది దాటడానికి వీలైంది కాదు. మీ ఫోన్ యూఎస్‌బీ-సీ నుంచి డిస్‌ప్లే పోర్ట్ ఇవ్వగలిగితే ఒక అడాప్టర్‌తో నేరుగా మానిటర్‌కో టీవీకో కలపండి. రక్షణ ఉన్న హెచ్‌డీఎమ్ఐ దారిలో చాలా యాప్‌లు బొమ్మ చూపిస్తాయి. అన్ని ఫోన్లలోనూ ఈ సదుపాయం ఉండదు, మీ మోడల్ వివరాల్లో చూసుకోండి. ఆ అడాప్టర్‌ను ల్యాప్‌టాప్ హెచ్‌డీఎమ్ఐ రంధ్రానికి పెడితే మాత్రం ఏమీ రాదు. ల్యాప్‌టాప్‌లలో ఉండేది దాదాపు ఎప్పుడూ బొమ్మను బయటికి పంపే దారే. ఈ సంగతి తెలియక అడాప్టర్లు మార్చి మార్చి కొనేవాళ్లను చూశాను.

పని అయ్యాక యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు ఫోన్‌లో కూడా తెరుచుకోవు. మీరు కాని వేరేవాళ్లు ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపే అవకాశం ఉన్నప్పుడు దాన్ని తెరిచి ఉంచడం మంచిది కాదు కూడా.

గేమ్ విషయానికి వస్తే, ముందు గూగుల్ ప్లే గేమ్స్ ఫర్ పీసీలో మీ గేమ్ ఉందేమో చూడండి. 2022 జనవరిలో మూడు చోట్ల బీటాగా మొదలై తర్వాత విస్తరించింది. ఇది గూగుల్ సొంతది, ఫోన్‌లో ఆడిన ఆట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే సాగుతుంది. ఎస్ఎస్‌డీలో 10 జీబీ ఖాళీ, 8 జీబీ ర్యామ్, నాలుగు అసలు కోర్ల ప్రాసెసర్, ఇంటెల్ యూహెచ్‌డీ 630 స్థాయి గ్రాఫిక్స్ కనీసంగా అడుగుతుంది. మీ ల్యాప్‌టాప్ దాదాపు ఆ గీత మీదే ఉంది. అందులో లేకపోతే బ్లూస్టాక్స్, ఎల్‌డీప్లేయర్ లాంటి ఎమ్యులేటర్లు. కీబోర్డు మీటలను తెర మీది బొత్తాలకు ముడిపెట్టడంలో ఇవి ఆరితేరినవి.

అయితే ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడే గేమ్ అయితే దాని నియమాలు చదవండి. పబ్‌జీ మొబైల్ లాంటివి ఎమ్యులేటర్‌లో ఆడేవాళ్లను గుర్తించి, ఎమ్యులేటర్ ఆటగాళ్లతోనే జతచేస్తాయి. మౌస్‌తో గురిపెట్టేవాళ్లు వేలితో ఆడేవాళ్ల మీద పడితే అన్యాయం కదా. దీన్ని దాచిపెట్టే టూల్స్ వాడితే ఖాతా పోతుంది, పోయాక తిరిగి రావడం కష్టం.

ఎమ్యులేటర్ ఏదైనా దానికంటూ వేరే గూగుల్ ఖాతా పెట్టుకోండి. మీ మెయిల్, ఫొటోలు, పాస్‌వర్డులు ఉన్న ఖాతా అక్కడ వద్దు. ఇది ఊరికే భయపెట్టడానికి అనడం లేదు. 2021 ఫిబ్రవరిలో ఈసెట్ అనే భద్రతా సంస్థ ఒక విషయం బయటపెట్టింది: నాక్స్‌ప్లేయర్ అనే ఎమ్యులేటర్ అప్‌డేట్ వ్యవస్థలోకి ఎవరో చొరబడి, కొద్దిమంది ఎంపిక చేసిన వాడుకరులకు అప్‌డేట్ రూపంలో గూఢచారి ప్రోగ్రామ్‌లు పంపారు. సక్రమంగా దించుకున్నవాళ్లకే అది జరిగింది. మరి ఏదో సైట్‌లో 'లైట్', 'మాడ్' అని పేరు తగిలించిన కాపీల మాట చెప్పాలా. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కూడా ప్రతి పేజీ చదివి, బ్రౌజర్ వేస్తాం, యాంటీవైరస్ వేస్తాం అనే టిక్కులు తీసేయండి.

మీరు ఎప్పుడైనా యాప్ తయారీ నేర్చుకోవాలనుకుంటే ఆండ్రాయిడ్ స్టూడియోతో (యాప్‌లు తయారుచేసే గూగుల్ ప్రోగ్రామ్) వచ్చే అధికారిక ఎమ్యులేటర్‌ను మించింది లేదు. ప్రకటనలు ఉండవు, ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ కావాలంటే అది, మడత ఫోనో ట్యాబ్లెటో ఏది కావాలంటే అది పుట్టించుకోవచ్చు. అందులో సిస్టమ్ ఇమేజ్ ఎంచుకునేటప్పుడు గూగుల్ ప్లే అని ఉన్నదానిలో ప్లే స్టోర్ ఉంటుంది కానీ రూట్ కుదరదు. గూగుల్ ఏపీఐస్ అని ఉన్నదానిలో స్టోర్ ఉండదు, రూట్ ఉంటుంది. కానీ 8 జీబీలో స్టూడియో, ఎమ్యులేటర్ రెండూ తెరిచి పనిచేయడం నరకం. అసలు ఫోన్‌నే కేబుల్‌తో కలిపి టెస్ట్ చేసుకోండి.

ఆండ్రాయిడ్‌నే నేరుగా ల్యాప్‌టాప్‌లో వేసుకోవడం గురించి. కుదురుతుంది. ఆండ్రాయిడ్-ఎక్స్86 అనే ప్రాజెక్టు 2009 నుంచీ ఉంది. దాని మీద ఆధారపడి రీమిక్స్ ఓఎస్ 2016లో ఊపుగా వచ్చి మరుసటి ఏడాదికే ఆగిపోయింది. ఇప్పుడు చురుగ్గా ఉన్నది బ్లిస్ ఓఎస్. వర్చువల్ మెషీన్ మధ్యలో లేదు కాబట్టి పాత యంత్రంలో కూడా చురుగ్గా కదులుతుంది, అందులో సందేహం లేదు. అయితే ల్యాప్‌టాప్‌లోని వైఫై, శబ్దం, టచ్‌ప్యాడ్, నిద్రలోకి వెళ్లి లేవడం, వీటిలో ఏదో ఒకటి మొరాయిస్తుంది. ఎన్విడియా గ్రాఫిక్స్ ఉంటే ఇంకా కష్టం, ఇంటెల్, ఏఎండీ గ్రాఫిక్స్ నయం. ఆర్మ్ లైబ్రరీల గొడవ, ప్లే ఇంటిగ్రిటీ గొడవ ఇక్కడా అలాగే ఉంటాయి. బ్యాంకు యాప్ ఇక్కడా తెరుచుకోదు. చదువుకు వాడే ఒకే ఒక్క ల్యాప్‌టాప్ మీద విభజనలు మార్చి దీన్ని వేయొద్దు. సరదాగా చూడాలనుంటే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండా దాని నుంచే ల్యాప్‌టాప్‌ను లైవ్‌గా బూట్ చేయండి, డిస్క్‌ను ముట్టుకోనక్కర్లేదు.

విండోస్ బదులు లినక్స్ వాడే అలవాటు ఉంటే మాత్రం వేడ్రాయిడ్ అనే ప్రోగ్రామ్ చూడాల్సిందే, నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. ఆండ్రాయిడ్ లోపల ఉన్నదీ లినక్స్ కెర్నలే కదా. వేడ్రాయిడ్ రెండో కెర్నల్‌ను నడపకుండా, మీ లినక్స్ కెర్నల్ మీదే ఆండ్రాయిడ్‌ను ఒక కంటైనర్‌లో (విడిగా ఉంచిన గదిలాంటి చోట) నడుపుతుంది. ర్యామ్ ముందే గోడకట్టి పక్కన పెట్టదు, కావలసినంతే తీసుకుంటుంది. అందుకే 8 జీబీ యంత్రంలో ఎమ్యులేటర్‌కు, దీనికి మధ్య తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. కెర్నల్‌లో బైండర్ (ఆండ్రాయిడ్ భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సదుపాయం) ఉండాలి, డెస్క్‌టాప్ వేలాండ్ అనే కొత్త తరహా తెర వ్యవస్థ మీద ఉండాలి. ఎన్విడియా సొంత డ్రైవర్‌తో దీనికి పడదు. గూగుల్ ప్లే ఉన్న రూపం వేసుకుంటే ఈ పరికరం ధ్రువీకరించినది కాదని హెచ్చరిక వస్తుంది. గూగుల్ పేజీలో పరికరం ఐడీ నమోదు చేసి కాసేపు ఆగితే ప్లే స్టోర్ తెరుచుకుంటుంది. ఆర్మ్ అనువాదకాన్ని మీరే విడిగా కలుపుకోవాలి.

పాత ల్యాప్‌టాప్‌కు క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ (మామూలు ల్యాప్‌టాప్‌లలో వేసుకునే గూగుల్ ఆపరేటింగ్ సిస్టమ్) వేస్తే ఆండ్రాయిడ్ యాప్‌లు వస్తాయని కొందరు చెబుతారు. రావు. కొన్న క్రోమ్‌బుక్‌లలో ప్లే స్టోర్ ఉంటుంది, ఫ్లెక్స్‌లో లేదు.

ఇక ఐఫోన్ యాప్‌లు. విండోస్ మీద వాటిని నడిపే దారి లేదు. ఐఓఎస్ ఎమ్యులేటర్ అని విండోస్‌కు దొరికేవి ఐఫోన్ ముఖాన్ని అనుకరించే బొమ్మ తెరలు మాత్రమే, యాప్ స్టోర్‌లోని యాప్ ఒక్కటి కూడా వాటిలో నడవదు. మ్యాక్‌లో అయితే 2020 చివర్లో వచ్చిన ఎం1 నుంచి, ఆపిల్ సొంత చిప్ ఉన్నవాటిలో చాలా ఐఫోన్ యాప్‌లు నేరుగా నడుస్తాయి. రెండువైపులా ఉన్నది ఆర్మ్ ప్రాసెసరే కాబట్టి అనువాదం అక్కర్లేదు. కాకపోతే యాప్ తయారీదారు వద్దనుకుంటే తమ యాప్‌ను మ్యాక్‌లో కనిపించకుండా చేయొచ్చు, పెద్ద పెద్ద యాప్‌లు చాలా అలాగే చేశాయి. ఎక్స్‌కోడ్ అనే ఆపిల్ ప్రోగ్రామ్‌లో వచ్చే సిమ్యులేటర్ యాప్ తయారుచేసేవాళ్ల కోసం, అందులో స్టోర్ యాప్‌లు వేసుకోలేం. మీ దగ్గర ఉన్నది ఆండ్రాయిడ్ ఫోన్, విండోస్ ల్యాప్‌టాప్ కాబట్టి ఈ దారి మీకు పనికిరాదు.

కాబట్టి ఈరోజు మీరు చేయాల్సింది రెండు పనులు. స్క్రీన్ కాపీ వేసుకుని పాఠాల యాప్‌లో ఒక వీడియో తెరిచి చూడండి, బొమ్మ వస్తోందా నలుపు వస్తోందా తెలుస్తుంది. టాస్క్ మేనేజర్‌లో వర్చువలైజేషన్ పక్కన ఏముందో చూడండి. ఆ రెండు జవాబులు, మీ ల్యాప్‌టాప్ మోడల్, గేమ్ పేరు ఇక్కడ రాయండి. బయోస్‌లో ఆ సెట్టింగ్ ఎక్కడుంటుందో, ఆ గేమ్‌కు ఏ ఎమ్యులేటర్ నప్పుతుందో చూసి చెబుతాను.